ఎడమ పక్క సైలెన్సర్

మార్చి 2, ఆదివారం

ఎడమ పిక్క కాలింది. పెద్దదేం కాదు, చిక్కుడుకాయంత.

ధర్మవరంలో మా తమ్ముడు చంద్ర ఇంటి ముందు బండి దిగేటప్పుడు సైలెన్సర్ తగిలింది. చర్మం దానికి అంటుకుని వచ్చింది. అరిచేదాన్నే. కానీ మా ఆయన అప్పుడే హెల్మెట్ తీస్తూ నవ్వుతున్నాడు. నోరు మూసుకున్నాను. నలభై ఏడేళ్ళలో నేను నోరు మూసుకున్నది అదే మొదటిసారి అయ్యుంటుంది.

టూత్‌పేస్టు పూశాను. కాలంతా పుదీనా వాసన. నొప్పేం లేదు.

మార్చి 3, సోమవారం

ఈ బండి మా ఇంట్లోంచి ఎందుకు పోకూడదో రాసి పెట్టుకోవాలి. లేకపోతే కోపంలో ఏదో ఒక రోజు నేనే అమ్మి పారెయ్యమంటాను.

మా ఆయన గోవిందప్ప. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం చేతకాక లారీ ఎక్కిన నేతగాడు. పోయినేటికి ముందేడు గుత్తి దాటినాక క్యాబిన్‌లో వైరు కాలి లారీ మొత్తం తగలబడింది. దూకి బతికాడు. కుడి మోచేయి కింద చర్మం ముడుచుకుపోయింది. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు, ఆయన మాటలకు తప్ప.

అప్పటినుంచి మంచం, ఎదురుగా గోడ. నేను స్టవ్ వెలిగిస్తే లేచి వీధిలోకి పోయేవాడు. అన్నం తింటావా అంటే “ఊ”. నీకు ఇంకో పెళ్ళి చేస్తాను, చేసుకుంటావా అన్నా “ఊ”. ఈ రెండోది నేను పరీక్ష కోసం అడిగాను. ఆ “ఊ” విని మూడు రోజులు కూరలో ఉప్పెయ్యలేదు. అది కూడా కనిపెట్టలేదు మహానుభావుడు.

మా హిందూపురంలోనే మెకానిక్ జోసెఫ్ షెడ్డులో బెంగళూరు పిల్లోడెవరో అమ్మకానికి వదిలిపోయిన పెద్ద బండి ఒకటి ఉండేది. దూరాలు తిరిగే బండి. ఎద్దంత ఉంటుంది. రెండు సిలిండర్లు, రెండు పక్కలా రెండు సైలెన్సర్లు. ఆయన రోజూ పోయి దాని ముందు కూర్చునేవాడు. గోడకంటే బండి మేలే కదా అనుకున్నాను. జోసెఫ్‌కు పాఠం నేర్పి పెట్టాను. వాడు దిగులు మొహం పెట్టి, “అన్నా, దినాం ఒక రౌండు తిప్పకపోతే బ్యాటరీ సచ్చిపోతాది, నాకు టైమే ల్యాకుండా ఉండాది” అన్నాడు. మా ఆయన లేచాడు. మొదట షెడ్డు చుట్టూ తిప్పాడు. తర్వాత స్టేషన్ దాకా. ఒకరోజు నన్ను ఎక్కించుకుని లేపాక్షి దాకా.

ఆ రోడ్డు మీద మాట్లాడాడు. “టమోటా ఈతూరి బాగుండాది” అన్నాడు. అన్ని నెలల తర్వాత ఊ కాని మొదటి మాట. ఆ తోటకు వెనక్కి తిరిగి దండం పెట్టాను.

బండి నడుస్తుంటేనే మాట్లాడతాడు. దిగాడంటే మళ్ళీ ఊ. అందుకే బండి కొన్నాము. అందుకే ప్రతి ఆదివారం చంద్ర మగ్గం మీది చీరలు అమ్మకానికి తెచ్చుకోవడానికి బస్సు మానేసి దీని మీదే ధర్మవరం పోతున్నాను.

కాలు సంగతి తెలిస్తే తాళం చెవి నా చేతిలో పెట్టి మంచం ఎక్కుతాడు. కాబట్టి తెలియకూడదు. అంతే.

మార్చి 5, బుధవారం

కుంటుతున్నానంట. ఎదురింటి పార్వతమ్మ కనిపెట్టింది. ఆమెకు ఎదురింటి కాలు కనిపిస్తుంది కానీ వాళ్ళింటి పొయ్యి మీద మాడుతున్న పప్పు కనిపించదు.

“ఏమాయె మేయ్ యశోదా, కాలికి?”

“కుక్కర్ మూత పడింది.”

“కుక్కర్ మూత కాలి ఎనక పడతాదా?”

“మా ఇంట్లో మూతలు ఎగిరి, తిరిగి, చూసుకుని పడతాయి. నీ మాదిరే.”

చంద్ర పెళ్ళానికి ఫోన్‌లో ఇస్త్రీ పెట్టె అని చెప్పాను. కూరగాయలామెకు ముల్లు అని చెప్పాను. రేపు ముగ్గురూ ఒకచోట కలవకుండా దేవుడు చూసుకోవాలి.

నొప్పేం లేదు. బొబ్బ పగిలింది, అంతే.

మార్చి 6, గురువారం

ఆలోచిస్తే తప్పు బండిది కాదు, నాదీ కాదు. మామూలు బండ్లకు సైలెన్సర్ కుడి పక్కన ఉంటుంది. చీర కట్టుకున్న ఆడది రెండు కాళ్ళూ ఎడమ పక్కకు వేసి కూర్చుంటుంది. గొడవ లేదు. దీనికి రెండు పక్కలా ఉన్నాయి. నా రెండు కాళ్ళూ పోయి నేరుగా ఎడమదాని ఒళ్ళో కూర్చుంటాయి.

దీనికి మందు ఉందంట. హీట్ షీల్డు అంటారు. సైలెన్సర్ మీద ఇంకో రేకు, కాలికీ కొలిమికీ మధ్య అడ్డం. ఫోన్‌లో పొద్దస్తమానం వీడియోలు చూశాను. నున్నటి ప్యాంట్లు, మోకాళ్ళ దాకా బూట్లు. అందరూ అటొక కాలు ఇటొక కాలు. చీర కట్టుకున్న ఆడది ఒక్కతీ లేదు. ఆ బూట్లకు షీల్డు ఎందుకో, నా పిక్కకు ఎందుకు లేదో.

మార్చి 7, శుక్రవారం

జోసెఫ్‌కు నేరుగా చెబితే మా ఆయనకు చేరిపోతుంది. గొంతు మార్చి ఫోన్ చేశాను, సగం కన్నడ కలిపి. బెంగళూరు మేడమ్‌ను, మీ ఊరి మీదుగా టూర్ పోతున్నాను, నా బండికి ఎడమ పక్క హీట్ షీల్డు బేకు అన్నాను.

వాడు ఓపికగా విన్నాడు. “ఆగ్లి మేడమ్, మాడోణ” అన్నాడు, సరే చేద్దామని. ఆఖర్న, “ఒక మాట మేడమ్. మీ ఎనక పార్వతమ్మవ్వ కోళ్ళను తిడతాండాది. ఆయమ్మ కూడా టూరుకొచ్చిందా?” అన్నాడు.

పెట్టేశాను. వెంటనే వాడే చేశాడు.

“యశోదక్కా, కాలిందా?”

“ఎవరికి?”

“అక్కా...”

“చిక్కుడుకాయంత. మీ అన్నకు చెప్పినావంటే నీ షెడ్డు ముందర పడుకుని పొర్లి పొర్లి ఏడుస్తా. ఒక్క గిరాకీ రాడు నీకు.”

చెప్పనని మాటిచ్చాడు. మంచోడు. నా నాటకాల్లో ఇప్పటిదాకా వేషం చెడగొట్టనివాడు వీడొక్కడే.

మార్చి 9, ఆదివారం

ధర్మవరం పోయి వచ్చాము. కాలికి పాత సాక్సు తొడిగి, దాని మీద తువ్వాలు చుట్టి, దాని మీద చీర దించుకున్నాను. ఏనుగు కాలు.

పెనుకొండ కొండ కనిపించినప్పటి నుంచి ఆయన ఒకటే మాట. లారీలో తిరిగిన ఊర్లు, తిన్న హోటళ్ళు. సగం గాలికి పోయాయి. ఒకచోట “నువ్వుంటే బాగుండు అనుకున్యా” అన్నాడు. ఏ ఊరో వినపడలేదు. అడగలేదు, అడిగితే ఆగిపోతాడేమోనని.

తువ్వాలు జారింది. పాత పుండు పక్కనే కొత్తది. దీన్ని దేనంతని రాయాలో తెలియడం లేదు. రాయను.

మార్చి 12, బుధవారం

ఆన్‌లైన్‌లో తెప్పించిన షీల్డు వచ్చింది. నల్లగా నిగనిగలాడుతూ బొమ్మలో బలే ఉండింది. చేతిలోకి తీసుకుంటే దువ్వెన బరువు లేదు. పైగా కుడి పక్కకు వంపు తిరిగి ఉంది. ఆయన పడుకున్నాక తీసుకుపోయి జోసెఫ్‌కు చూపించాను.

“ఇది ప్లాస్టిక్ అక్కా. ఇది వేస్తే కాలికి సైలెన్సర్ అంటుకోదు. ఇదే కరిగి అంటుకుంటాది.”

“మంచిది యాడ దొరుకుతాది?”

“స్టీలు రేకు. కొలత తీసుకోని బెంగళూరులో కోయించాల. పది దినాలు పడతాది.”

“ఆదివారం యట్ల పోవల్ల? ఉగాదికి చీరలు అడిగిండారు జనం.”

“ఒక ఆదివారం బస్సులో పో.”

బస్సులో పోతే ఆయన మాటలు? అది వాడికి చెప్పలేదు. చీరల సంగతే చెప్పాను.

వాడి దగ్గర వేడి ఆపే టేపు ఉంది, గోనె గుడ్డ మాదిరి. దాన్ని తడిపి పైపుకు చుట్టి క్లాంపు బిగిస్తారంట. పుండుకు కట్టు కట్టినట్టే ఉంటుంది. నాకు అది నచ్చింది. నాకొకటి, బండికొకటి.

“అక్కా, ఒకటి చెప్తా విను. కొత్తది వేడెక్కితే పొగొస్తాది. నేను షెడ్డులో కొంచేపు కాలుస్తా, కానీ రోడ్డు మీద వేడి వేరే. అన్నకు ముందే చెప్పు.”

చెబుతానన్నాను.

మార్చి 14, శుక్రవారం

టేపు చుట్టేశాడు. షెడ్డులో పొగ వచ్చి ఆగిపోయింది, నా కళ్ళతో చూశాను. ఇంకేం రాదు.

ఆయన చూసి, ఇదేంది అన్నట్టు కనుబొమ్మ ఎత్తాడు. బెంగళూరులో ఇప్పుడు అందరూ ఇట్లే చుడుతున్నారు, స్టైలు అన్నాను. “ఊ” అన్నాడు.

పొగ సంగతి చెప్పలేదు. పొగ అంటే ఎందుకు అంటాడు. ఎందుకు అంటే కాలు అనాలి. అయినా ఆగిపోయింది కదా.

మార్చి 16, ఆదివారం

సోమందేపల్లి దాటినాక రోడ్డు ఖాళీగా ఉంది. బండి బాగా పరుగెత్తింది. ఆయన హుషారుగా ఉన్నాడు.

“మేయ్, పెండ్లయిన కొత్తల్లో నా లారీ హారన్‌లో దూది కుక్కినావు, గుర్తుండాదా? కదిరి దాకా మూగోని మాదిరి పోయినా.”

“ఎవరో పిల్లోళ్ళు కుక్కింటారు.”

“పిల్లోళ్ళు! దూదికి నీ కొబ్బరినూనె వాసన.”

ఇన్నేళ్ళూ తెలిసి ఊరికే ఉన్నాడు. నేను వెనక కూర్చుని పడీ పడీ నవ్వాను. నవ్వుతూ కిందికి చూస్తే కుచ్చిళ్ళ పక్క నుంచి తెల్లగా పొగ.

అద్దంలో ఆయన కూడా చూశాడు.

బండి ఎట్లా ఆపాడో, స్టాండు ఎప్పుడు వేశాడో తెలియదు. నడుం పట్టుకుని ఎత్తి దింపాడు. రోడ్డు దాటించి గడ్డిలోకి ఈడ్చుకుపోయాడు. చీర మోకాలి దాకా ఎత్తి సీసాలో నీళ్ళన్నీ కాలి మీద కుమ్మరించాడు. పెనుకొండ బస్సు ఒకటి కిటికీల నిండా తలకాయలతో మమ్మల్ని చూస్తూ పోయింది. తువ్వాలు విప్పాడు. సాక్సు పుండుకు అంటుకుంది. నీళ్ళు పోస్తూ మెల్లగా లాగాడు.

“ఇది ఇప్పటిది కాదు.”

“కాదు.”

“ఎన్నిసార్లు కాలింది?”

“ఒకసారి... రెండుసార్లు. ఆ పొగ టేపుదయ్యా. కొత్తదానికి వస్తాదంట. జోసెఫ్ చెప్పినాడు.”

“నీకు తెలుసా?”

“తెలుసు.”

“నాకెందుకు చెప్పల్యా?”

ఎప్పుడూ నాలుక చివర పది అబద్ధాలు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కటీ ముందుకు రాలేదు.

“చెప్తే బండి ఆపేస్తావు. బండి ఆపితే మాట ఆపేస్తావు. నేను ఆ ఇంట్లో ఎవరితో మాట్లాడల్ల? నీ గోడతోనా?”

ఆయన గడ్డిలోనే చతికిలబడ్డాడు. బండి పొగ ఎప్పుడో ఆగిపోయింది. అది మాకేం పట్టనట్టు నిలబడి ఉంది.

నన్ను హిందూపురం బస్సు ఎక్కించి తను వెనకాలే తోలుకుంటూ వచ్చాడు. వెనక సీటులో కూర్చుని అద్దంలోంచి చూస్తూ వచ్చాను. బస్సు ఆగినచోటల్లా ఆయన కూడా ఆగాడు.

మార్చి 17, సోమవారం

ఊ కూడా లేదు.

మార్చి 18, మంగళవారం

ఆస్పత్రికి తీసుకుపోయాడు, ఆటోలో. నర్సమ్మ పుండు చూసి టూత్‌పేస్టు ఎవరు పుయ్యమన్నారు అని తిట్టింది. పళ్ళు ఇక్కడ మొలుస్తాయేమోనని చూశాను అన్నాను. ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. తలుపు దగ్గర నిలబడి కట్టు కట్టడం అయ్యేదాకా ఆ కాలినే చూశాడు.

నొప్పిగా ఉంది. ఇంక రాస్తే ఏం. మొదటి రోజు నుంచీ నొప్పిగానే ఉంది.

మార్చి 20, గురువారం

బండి మీద టార్పాలిన్ కప్పాడు. నాలుగు మూలలా తాళ్ళు కట్టాడు, లారీ లోడుకు కట్టినట్టు.

తాళం చెవి తీసుకుపోయి ఆయన అన్నం గిన్నెలో పెట్టి, పైన పప్పు పోసి ఇచ్చాను. చేతికి తగిలింది. తీసి పక్కన పెట్టి, తినేశాడు.

తర్వాత కడిగి మేకుకు తగిలించాను.

మార్చి 21, శుక్రవారం

గోడ.

మార్చి 23, ఆదివారం

పొద్దున లేచేసరికి మంచం ఖాళీ. టార్పాలిన్ ఉంది, కింద బండి లేదు. అమ్మేశాడు అనుకున్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా కుంటుతూ జోసెఫ్ షెడ్డుకు పోయాను. దారిలో పార్వతమ్మ ఏదో అడిగింది. నేను జవాబు చెప్పలేదని ఆమె ఈపాటికి ఊరంతా చాటించి ఉంటుంది.

బండి షెడ్డు మధ్యలో పెద్ద స్టాండు మీద ఉంది. టేపు విప్పి ఒక మూల పడేశారు. ఆయన దాని పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు.

నన్ను చూసి, “కూచ్చో” అన్నాడు.

“యాడ?”

“బండి మీద. దినాం యట్ల కూచ్చుంటావో అట్ల.”

పోయిన ఆదివారం నుంచి ఇదే మొదటి మాట. ఎక్కి కూర్చున్నాను, రెండు కాళ్ళూ ఎడమ పక్కకు. ఆయన చేతిలో సుద్దముక్క ఉంది. మోకాళ్ళ మీద వంగి, నా పిక్క సైలెన్సర్‌కు దగ్గరయ్యేచోట గీత గీశాడు. మడమ దగ్గర ఒకటి. చీర అంచు వేలాడేచోట ఒకటి.

“బ్రేకు వేసినప్పుడు యట్ల జారతావు?”

జారి చూపించాను. ఇంకో గీత.

“దిగేటప్పుడు?”

చూపించాను. ఇంకోటి. ఆయన తలలో తెల్ల వెంట్రుకలు ఎన్ని వచ్చాయో పైనుంచి చూస్తే గాని తెలియలేదు.  

జోసెఫ్ రేకులు తెచ్చాడు. ఒకటి బాగా మెరిసేది. ఆయన దాన్ని పక్కన పెట్టి మందంగా, చిల్లులు ఉన్నది తీసుకున్నాడు. పైపుకు ఆనించి పెట్టాడు, మళ్ళీ వేలు దూరేంత ఎత్తి పట్టుకున్నాడు.

“ఇంత సందు ఉండాల జోసెఫూ. అంటుకోని ఉంటే రేకు కూడా పైపు మాదిరే కాల్తాది. నడమ గాలి ఆడల్ల.”

“క్లాంపు కింద వాచర్లు పెడదాం అన్నా.”

“స్క్రూ తలకాయలు చక్రం పక్కకు తిప్పు. బయటికుంటే పట్టుచీర తగులుకుంటాది.”

బండి ఆగి ఉంది. ఆయన మాట్లాడుతున్నాడు. రేకుల గురించే. అయినా సరే.

మార్చి 26, బుధవారం

కొలతలు పెనుకొండలో ఎవరో తెలిసిన ఫ్యాబ్రికేషన్ ఆయనకు ఇచ్చి కోయించారు, బెంగళూరు దాకా పోకుండా. రేకు వచ్చింది. బిగించారు. బాగుంది, నీటుగా ఉంది. చీర చెంగు ఎంత ఆడించినా ఎక్కడా తగులుకోలేదు.

ఆదివారం పోదామా అన్నాను. ఊ అనలేదు, ఊహూ అనలేదు. “చూడల్ల” అన్నాడు.

మార్చి 28, శుక్రవారం

మధ్యాహ్నం జోసెఫ్ వచ్చి బండి స్టార్ట్ చేశాడు. వాడెందుకు తోలుతున్నాడా అని చూస్తే, మా ఆయన ఇంట్లోంచి వచ్చాడు. లుంగీ మీద నా పాత నూలు చీర చుట్టుకుని ఉన్నాడు. కుచ్చిళ్ళు పెట్టడం రాక ఎనిమిది మడతలు వేసి బొడ్డులో కుక్కాడు.

“ఏందయ్యా ఈ వేషం?”

“నిలబెట్టి చూస్తే తెల్యదు. కూచ్చోని దూరం పోతే తెలుస్తాది, యాడ తగుల్తాదో. పెనుకొండ దాకా పోయొస్తాం.”

“కాల్తే?”

“కాల్తే నాకు కాల్తాది.”

మా ఆయన జోసెఫ్ వెనక ఎక్కాడు. రెండు కాళ్ళూ ఎడమ పక్కకు వేసి, పిక్క బయట పెట్టి, చీర అంచు చేత్తో సవరించుకుని కూర్చున్నాడు. మీసాలతో. పార్వతమ్మ గడపలో నిలబడి ముక్కు మీద వేలేసుకుంది. వీధి వీధంతా బయటికొచ్చింది. జోసెఫ్ బతిమాలుతున్నాడు. “అన్నా, నడుం పట్టుకోగాకన్నా, నీకు దండం పెడతా, ఊర్లో నాకు పెండ్లి కావల్ల.”

ఈ ఊర్లో జనాన్ని నవ్వించేది నేను. ఒకరికి తోక కడతాను, ఒకరికి కొమ్ములు పెడతాను. ఇవాళ అందరూ కడుపు పట్టుకుని నవ్వుతుంటే నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. రోడ్డు మలుపులో నా చీర కనపడకుండా పోయేదాకా చూశాను.

పొద్దు వాలేటప్పటికి వచ్చారు. దిగి మెట్టు మీద కూర్చుని పిక్క చూపించాడు. ఒకచోట ఎర్రగా కంది ఉంది.

“ఈడ ఇంగా తగుల్తాది. రేకు రెండు వేళ్ళు కిందికి దించల్ల” అన్నాడు జోసెఫ్‌తో.

అక్కడే వంగి రేకు దించి బిగించారు. మళ్ళీ ఎక్కాడు, అదే చీరతో. ఈసారి సోమందేపల్లి దాకా పోయి వచ్చారు. వచ్చి, బండి ఆపి, కాలు తీసుకొచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

“తాకి చూడు.”

తాకాను. మామూలు కాలు. మామూలు వేడి. కందినచోట కలబంద రాశాను, టూత్‌పేస్టు కాదు.

జోసెఫ్ వెళ్ళిపోయాడు. ఆయన కాలు తీయలేదు. పెనుకొండ టీ అంగడి దగ్గర ఒక ముసలాయన చూసి “ఏమమ్మా, కొత్త కోడలివా?” అన్నాడంట. దానికి ఈయన తలొంచుకుని “అవు నాయనా” అన్నాడంట. జోసెఫ్ టీ గ్లాసు వదిలేసి పారిపోయాడంట. దాని తర్వాత టోపీ పెట్టుకున్న పోలీసాయన ఆపి... అక్కడి నుంచి లారీ రోజుల్లో ఏదో చెక్‌పోస్టు, ఆ చెక్‌పోస్టు దగ్గర దొరికే పల్లీల చట్నీ, నేను ఉంటే బాగుండు అనుకున్నది ఆ ఊర్లోనే అంట.

నేను ఊ కొడుతూ కూర్చున్నాను. చీర ఇంకా విప్పలేదు ఆయన. బండి ఆపి ఎంతసేపయిందో కూడా ఆయన గమనించలేదు.

నేను చెప్పలేదు.